ఓటీపీ చెప్పు సుందరీ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వండి. మీరూ నవ్వకపోతే ఈ కథ ఎవరికి చెప్పుకోను?

నా పేరు సీతారామాంజనేయులు, మా ఆవిడ బాలాత్రిపురసుందరి. మా శుభలేఖలో పేర్లు వేశాక ముహూర్తానికి చోటు మిగల్లేదని ఇప్పటికీ అంటారు. మా అమ్మాయి భార్గవి ప్రసవం సెలవు అయిపోయి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక, పాపని చూసుకోవడానికి సుందరి బాచుపల్లి వెళ్ళింది. రిటైర్మెంటుకి ఇంకా ఏడాది ఉంది కనక నేను కొండాపూర్ ఫ్లాట్‌లో ఉండిపోయాను. వెళ్ళేటప్పుడు "ఒక్కరే ఉండగలరా?" అనడిగింది. "మహారాజులా ఉంటా" అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను.

ఐదు నెలలైంది. రోజుకో ఫోను. "తిన్నారా?" "తిన్నా." "బీపీ మాత్ర?" "వేసుకున్నా." "పాప లేచింది, పెట్టేస్తున్నా." మా సంసారం నలభై సెకన్లలో అయిపోయేది. ఆదివారం వెళితే ఆ రెండు గదుల్లో అల్లుడు మీటింగులో, ఆవిడ పాపతో, నేను సోఫాలో.

పోయిన నెల మా లిఫ్టులో ఒక కాగితం అంటించారు. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ దగ్గర సెలూన్. మొదటిసారి వచ్చేవాళ్ళకి కటింగు, తల మసాజు, ఫేస్ ప్యాకు సగం ధరకే. దాని పేరు ఫ్రెంచిలో ఉంది, నా వల్ల కాదు. సగం ధర అన్నది తెలుగులోనే ఉంది కనక వెళ్ళాను.

రేణుక అనే అమ్మాయి తల మీద చెయ్యేసి "సార్, ప్రెషర్ ఎట్లుంది?" అంది. "నూట నలభై బై తొంభై" అన్నాను. "అది కాదు సార్, మసాజుది. సరిపోతుందా?" అంది. సరిపోతుందా అని నన్నొకరు అడిగి ఐదు నెలలైంది. ఆ రోజు ఆ అమ్మాయికి మా పెళ్ళిచూపుల దగ్గర్నుంచి నా ప్రమోషన్ దాకా చెప్పాను. పాపం, వింది.

మళ్ళీ వెళ్ళాలనిపించింది. కానీ నంబరుకి ఒక్కసారే ఆఫరు, నాది అయిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, సుందరి నంబరు ఉందిగా.

బుధవారం సెలవు పెట్టి వెళ్ళాను. కటింగు అయింది, మసాజు అయింది. రేణుక ముఖం నిండా ఆకుపచ్చ మట్టి పట్టించి "జర పావుగంట ముఖం కదిలియ్యకుండ్రి సార్, పగుల్తది" అంది. సరిగ్గా అప్పుడే కౌంటర్లో ఉండే జ్యోత్స్న టాబ్లెట్ పట్టుకుని వచ్చింది.

"సార్, ఆఫర్ కోసం మీరిచ్చిన నంబర్‌కి ఓటీపీ పోయింది. చెప్పుండ్రి."

ఓటీపీ బాచుపల్లిలో ఉంది. నా బుర్ర ఎక్కడుందో తెలీదు. చేసేది లేక నా ఫోను జ్యోత్స్నకిచ్చి, ఆవిడకి కలిపి స్పీకర్ పెట్టమన్నాను.

"సుందరీ, ఓటీతీ వచ్చింది, చెత్తు" అన్నాను పెదాలు కదపకుండా.

"ఎవర్రా నువ్వు?" అంది మా ఆవిడ.

"నేనే. నీ నొగుణ్ణి."

"మా ఆయన ఫోను ఎక్కడ కొట్టేశావు? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ ఫోనెత్తగానే అదే వినిపిస్తున్నారు. నేనంత అమాయకురాలిలా ఉన్నానా?"

"సెలూన్లో ఉన్నా. నుఖానికి త్యాకు వేశారు."

"మా ఆయన ముఖానికి సబ్బే సరిగా రాసుకోరు, ప్యాకు వేయించుకుంటారా? సరే, నువ్వు మా ఆయనే అయితే చెప్పు. మా వంటింట్లో ఇంగువ డబ్బా ఎక్కడుంటుంది?"

పక్క కుర్చీలో ఆఫీసు మీటింగులో ఉన్న కుర్రాడు తన ఫోను మ్యూట్ చేసి మా వైపు తిరిగాడు. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుని గర్వంగా చెప్పాను. "తై అరలో, నినత్తత్తు డద్దా వెనక. నూత దిగుసుకుంటే చెంచాతో లేతాలి."

"మినప్పప్పు డబ్బా వెనకా? దొరికావురా. మా ఆయనకి ఇంగువ కాదు, వంటిల్లే ఎటుందో తెలీదు."

ఇక ప్యాకు పగిలితే పగిలిందనుకున్నాను. "ముప్ఫై ఏళ్ళు తెలీదు సుందరీ, ఇప్పుడు తెలిసింది. కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటున్నానని నీతో అబద్ధం చెప్పాను. నేనే వండుకుంటున్నా. అలవాటుగా ఇద్దరికి వండేసి మర్నాడు కూడా అదే తింటున్నా. ఒక్కడికి ఎంత పొయ్యాలో నాకు తెలియడం లేదు."

జ్యోత్స్న ఫోను నా నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టింది.

"సెలూన్‌కి ఎందుకెళ్ళారు?" అంది. 'మీరు' లోకి వచ్చిందంటే నమ్మిందన్నమాట.

"ఇక్కడ తల మీద చెయ్యి వేస్తారు. మాట్లాడతారు. నువ్వు లేక నాకేం బాగాలేదు."

"నాలుగు, ఏడు, సున్నా, రెండు" అంది మెల్లగా.

జ్యోత్స్న అంకెలు కొట్టి ఇబ్బందిగా చూసింది. "సార్, ఈ నంబర్ మీద ఆఫర్ అయిపోయింది. మా బాచుపల్లి బ్రాంచిల, పోయిన మంగళవారం. తల మసాజు."

"ఇంకెవరో అయ్యుంటారమ్మా. మా ఆవిడకి జడ వేసుకునే తీరిక కూడా లేదు."

"మేడమ్ పేరే ఉంది సార్. కస్టమర్‌కి ఎట్ల కావాలో గిక్కడ రాస్తం. 'మెల్లగ చెయ్యాలె, నడుమ మాట్లాడుతుండాలె. ఊకుంటే ఏడుస్తున్నరు' అని రాసిండ్రు."

స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. రేణుక తువ్వాలు మడత పెడుతూ అటు తిరిగింది.

"నాతో చెప్పొచ్చుగా సుందరీ" అన్నాను.

"మీరు హాయిగా ఉన్నానంటిరి. నాకొక్కదానికే బాగాలేదని ఎలా చెప్పను?"

"వస్తున్నా."

"ఆదివారం కాదుగా ఇవాళ. వచ్చినా పాప పడుకున్న అరగంటే నాకు ఖాళీ."

"అరగంట చాలు."

"ముందు ముఖం కడుక్కుని రండి. పాప జడుసుకుంటుంది."

పూర్తి బిల్లు కట్టి బాచుపల్లి వెళ్ళాను. పాప పడుకుంది. బాల్కనీలో ఇద్దరం కూర్చున్నాం. ఐదు నెలల మాటలున్నాయి కదా, ఎక్కడ మొదలుపెడుతుందా అని చూస్తున్నాను. ఆవిడ నా తల అటూ ఇటూ తిప్పి చూసి, కటింగు అస్సలు బాలేదంది. అరగంటా దాన్నే తిట్టింది. పాప లేచేసరికి ఇంకా మెడ వెనక భాగం తిట్టడం మిగిలిపోయింది. అందుకని గురువారం కూడా సెలవు పెట్టాను.