గుర్రాల జబ్బుల కేసు

"నేరం చేసి నా కళ్ళుగప్పిన మొనగాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పుట్టినా పురిట్లోనే పట్టేస్తాను!"

బావ ఈ ప్రకటన చేసినప్పుడు నోటినిండా టూత్‌పేస్టు నురగ ఉంది. అందువల్ల గాంభీర్యం కొంత గడ్డం మీదికి కారిపోయింది. ఎదురుగా కూర్చున్న టైలరు మాత్రం బుద్ధిగా తలూపాడు. బావ ఏమన్నా తలూపడం అతనికి అక్క పెళ్ళినాటినుంచీ అలవాటు.

బావది ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం. ఆ అంకెల్లోంచే ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరు స్నానం మానేశారో చెప్పగలనని ఆయన నమ్మకం. ఒకసారి మీటరు కదలని ఇల్లు చూసి కుటుంబమంతా హత్యకు గురైందని తేల్చాడు. ఊరికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు సంతాప సభ జరుగుతోంది. ఆ కేసును ఆయన ఇప్పటికీ తన విజయాల్లోనే కలుపుకుంటాడు. అందరూ ప్రాణాలతో దొరికారు కదా!

"ఇప్పుడు కేసేమిటి బావా?"

"నువ్వే."

అక్క అయిదు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టింది. తమ్ముడి షాపులో ఊడుస్తుంటే కత్తిరింపుల బల్ల కింద దొరికాయట. గుర్రాలకొచ్చే జబ్బుల మీద మూడు, తేనెటీగల మీద ఒకటి, లైట్‌హౌసుల నిర్వహణ మీద ఒకటి.

"పాఠం చదవరా అంటే కడుపునొప్పి తెచ్చుకునేవాడు. వీడికి గుర్రాల జబ్బులెందుకండీ? నాకేదో భయంగా ఉంది!"

"భయపడు," అన్నాడు బావ అనుమతిస్తున్నట్టు. "ఈ ఇంట్లో చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ మీటర్లు. చూడు, అన్ని పుస్తకాల వెన్నులూ వెలిసిపోయాయి. ఇది ముఠా గుర్తు!"

కారణం చెప్పేస్తే సరిపోయేది. అది చెప్పడానికే టైలరుకు నోరు పెగలదు. వీధి చివర పుస్తకాల షాపు నడిపే ఆమె ఒకరోజు సంచి కుట్టించుకోవడానికొచ్చి, "బేరాల్లేవండీ. ఇలాగే ఉంటే షాపు మూసేసి మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను," అంది మామూలుగా. ఆ రోజు టైలరు ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమవే కుట్టాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి అతనికి కూడా అప్పుడే తెలిసింది.

అప్పటినుంచీ తీరికైనప్పుడల్లా వెళ్ళి ఒక పుస్తకం కొనుక్కొస్తున్నాడు. గుడ్డ ఎన్నాళ్ళు ఎండ తిన్నదో వెలిసిన రంగు చూసి చెప్పగలడు కాబట్టి, అరల్లో అన్నిటికన్నా వెలిసినదాన్నే ఎంచుకునేవాడు. అది ఎవరూ కొననిదన్నమాట. దాన్ని తను కొంటే ఆమె ఇంకొన్నాళ్ళు ఉంటుందని ఆశ. వెలిసినవాటిలో ఎక్కువ గుర్రాలవి కావడం అతని తప్పు కాదు.

"పద, ముఠా స్థావరానికి!" అన్నాడు బావ, పుస్తకం మీదున్న షాపు ముద్ర చూసి.

"వద్దు బావా."

"వద్దంటున్నావంటే అక్కడేదో ఉందన్నమాట."

"సరే, పద."

"అంత తేలిగ్గా ఒప్పుకున్నావంటే ఇంకా పెద్దదే ఉందన్నమాట!"

బావ మారువేషంలో బయల్దేరాడు. అంటే టోపీ పెట్టుకుని, నల్ల కళ్ళద్దాలు తగిలించుకున్నాడు. షాపులో అడుగుపెట్టగానే ఆమె చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తి, "మీటరు బయటుందండీ," అంది.

బావ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఈ మనిషి మీకు తెలుసా?"

"తెలియకేం! మా షాపుకొచ్చే చదువరుల్లో ఆయన తరవాతే ఎవరైనా. పాపం, గుర్రాలంటే ఎంత ప్రేమో!"

టైలరు నేలవంక చూశాడు. నేల ఏమీ సాయం చెయ్యలేదు.

"ఆ మూల కట్టలేమిటి? ఆయుధాలా?"

"అయ్యో, ముట్టుకోకండీ..."

బావ అప్పటికే అన్నిటికన్నా అడుగున ఉన్న కట్టను లాగేశాడు. మరుక్షణం ఆయన బూట్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. లాగిన కట్ట తెగి, గిట్టల జబ్బులు, కంటి జబ్బులు, ముసలి గుర్రాల ఆలనాపాలనా గదినిండా పరుచుకున్నాయి.

ఆమె మొహం ఎర్రబడింది. "ఆయన కోసమే తెప్పించానండీ. అలాంటి మనిషి ఒక్కరొస్తున్నా చాలు, షాపు మూయకూడదనిపించింది. చేతిలో ఉన్నదంతా వీటిమీదే పెట్టాను."

నిలబెడదామనుకున్న షాపును టైలరు తన చేతుల్తో తనే ముంచాడు.

"అంతా నాటకం!" పుస్తకాల కుప్పలోంచి బావ గొంతు లేచింది. "వాడు ఒక్క పేజీ కూడా చదవలేదు! కొన్న అయిదింట్లోనూ కాగితాలింకా అతుక్కునే ఉన్నాయి!"

అది బావ జీవితంలో మొదటి సరైన నిర్ధారణ.

"నిజమేనా?" అంది ఆమె.

"నిజమేనండీ."

"మరెందుకు కొన్నారు?"

టైలరు మెడలో వేలాడే టేపును రెండు చేతులా పట్టుకున్నాడు. "ఎవరూ కొనరని కొన్నానండీ. మీరు వెళ్ళిపోతారేమోనని భయమేసింది."

ఆమె వంగి కట్టలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. "తెగింది ఒక్కటే. విప్పని కట్టలు పంపినవాళ్ళు వెనక్కి తీసుకుంటారు. రేపు అన్నీ విప్పి సర్దేద్దామనుకున్నాను. ఇవాళ మీరు రాకపోతే నా పని అయిపోయేదే."

"నేనంతా ముందే ఊహించాను," అంటూ బావ పైకి లేచాడు.

తెగిన కట్టకు బిల్లు ఆయన పేరునే రాసిందామె. ముసలి గుర్రాలను చంకనెత్తుకుని, వీధిలోకి నడుస్తూ ఆయన ఫోన్లో అక్కకు గట్టిగా చెబుతున్నాడు: "కేసు తేలిపోయింది. నీ తమ్ముడు నిర్దోషి. వాడికి చదువు అంటలేదు, నువ్వేం బెంగపెట్టుకోకు."

"అంటే, ఇన్నాళ్ళలో మీకు నచ్చి ఒక్కటీ తీసుకోలేదన్నమాట," అంది ఆమె.

"లేదండీ."

"అయితే ఇప్పుడు తీసుకోండి. ఎందుకో కూడా చెప్పాలి."

టైలరు అరలవంక చూడలేదు. బిల్లు రాశాక మళ్ళీ అందుకుని, మధ్యలో వేలుపెట్టి మూసిన పుస్తకం ఆమె చేతిలో ఉంది. దాన్ని చూపించాడు.

"ఎందుకు?"

"మేం వచ్చేసరికి అది చదువుతూ మీలో మీరే నవ్వుకుంటున్నారండీ."

"నాకింకా సగం ఉంది."

"అయ్యేదాకా కూర్చుంటానండీ."

ఆమె లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసింది. పుస్తకంలోంచి వేలు తీసేసి, మళ్ళీ మొదటి పేజీకి తిప్పి, అతనికి వినపడేలా పైకి చదవడం మొదలుపెట్టింది.