పాలరంగు తెర

మా ఇంట్లో స్నానాలగది ఒక్కటే. ఆదివారం మాత్రం అది డార్క్‌రూమ్. కిటికీకి దుప్పటి, తలుపు సందుకి తువ్వాలు, తొట్టిమీద చెక్క, చెక్కమీద ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరు. ఇంట్లో ఉండేది నేనూ, ఈమధ్యే నన్ను చేసుకున్న మా ఆవిడా కాబట్టి స్నానాల గురించి తగువులు రాలేదు. ఎర్రదీపం వెలుగులో ఆవిడ పక్కన నిలబడితే తగువు గుర్తుకూ రాదు.

తగువు మా పెళ్ళి ఫోటోతో వచ్చింది.

మా మామగారు ఇళ్ళు కట్టించే ఇంజనీరు. జేబులో రసమట్టం పెట్టుకుని తిరుగుతారు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడమీద పటం వంకర సరిచేసి, ఆ తర్వాత కుశలం అడుగుతారు. మేమిద్దరం చాటుగా ఆయన్ని రసమట్టం మామగారు అనుకుంటాం. పెళ్ళి ఫోటో పెద్దది స్టూడియోలో చేయిస్తానని ఆయన అంటే, "ఇంట్లో డార్క్‌రూమ్ ఉండగా స్టూడియో ఎందుకండీ" అనేశాను. ఆ ఫోటో చూడటానికే సాయంత్రం వస్తున్నారు. ఇప్పటికి గోడకి మేకు మాత్రం ఉంది.

పెట్టె తెరిస్తే పెద్ద కాగితం ఒక్కటే కనిపించింది. దాని తోటివన్నీ నా చేతిలో నల్లబడో తెల్లబోయో కాలం చేశాయి. దుకాణానికి ఆదివారం సెలవు. ఈ ఒక్కటీ పాడైతే మామగారి దగ్గర నా మాట నీళ్ళపాలే.

"ఏ ఫోటో వేస్తున్నారు?" అంది మా ఆవిడ.

"నేను ఠీవిగా నిలబడ్డది."

"అందులో నేను కళ్ళు మూసుకున్నాను."

"సిగ్గనుకుంటారు."

"నిద్రనుకుంటారు. నేను నవ్వుతున్నది వేయండి."

"అందులో నేను తుమ్మబోతున్నాను."

"తుమ్మబోయే పెళ్ళికొడుకు ఎంతమందికి దొరుకుతాడండీ."

నేను పట్టు విడవలేదు. ఆవిడ ఊరుకుంది. గెలిచాననుకున్నాను.

"పోనీ, ముందు చిన్న ముక్క కోసి, వెలుగు ఎంతసేపు పడాలో చూసుకోండి" అంది.

"ఉన్న ఒక్క కాగితాన్నీ కోస్తారా ఎవరైనా? నా దగ్గర శాస్త్రం ఉంది."

శాస్త్రం ఇదీ. నెగటివ్‌లోంచి కిందపడే వెలుగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఎక్కడని కొలుస్తాం? లెన్సు కింద పాలరంగు తెర ఏదైనా అడ్డం పెడితే బొమ్మ చెదిరిపోయి, వెలుగూ నీడా పాలల్లో నీళ్ళలా కలిసిపోతాయి. మీటరుతో దాన్ని కొలిస్తే చాలు. పాలగాజు పలక కోసం శనివారం బజారంతా తిరిగి ఉత్తచేతులతో వచ్చాను. అయినా కొత్తకాపురంలో పాలరంగు వస్తువులకి కొదవేమిటి?

మొదట చక్కెర డబ్బా మూత పెట్టాను. దానిమీది అక్షరాలు కూడా కింద పడ్డాయి. తర్వాత ట్రేసింగ్ కాగితం. నా చేతికంటే అదే ఎక్కువ వణికింది. చివరికి గాజుపలక మీద మా ఆవిడ పౌడరు పల్చగా చల్లాను. దివ్యంగా ఉంది, నేను తుమ్మేవరకు.

"నా పౌడరు డబ్బా ఏదండీ?" తలుపు అవతలినుంచి వినిపించింది.

"కొలతకి వాడాను."

"చక్కెరకి చీమలు పట్టాయి. మూతేదీ?"

"అదీ కొలతకే."

"ఇంకేమైనా కావాలా కొలతకి?"

గొంతు మరీ మెత్తగా ఉంది. మగబుద్ధి, అనుమానించలేదు. "పడగ్గది దీపం తొడుగు ఇస్తావా, కొంచెం కోసుకుంటాను" అన్నాను.

తెచ్చిచ్చింది. "కత్తెర కూడా తెచ్చానండీ" అంది. ఇలాంటి ఇల్లాలు ఎంతమందికి ఉంటుందో మీరే చెప్పండి.

తొడుగులోంచి గుండ్రంగా ఒక బిళ్ళ కోశాను. చేయి వణికితే కొలత చెడుతుందని దాన్ని లెన్సుకి టేపుతో గట్టిగా అంటించాను. మీటరు ముల్లు బుద్ధిగా ఒకచోట నిలబడింది. లెక్క కట్టాను, మా ఆవిడని లోపలికి పిలిచి తలుపు మూశాను, కాగితం పరిచాను, వెలుగిచ్చాను, మందులో ముంచాను.

ఇద్దరం ట్రేమీదికి వంగి చూశాం. కాగితం మెల్లగా బూడిదరంగుకి తిరిగింది. ఈ మూలనుంచి ఆ మూలకి ఒకే బూడిద. పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేడు, చుట్టాలు లేరు.

"ఇందులో మీరు ఎటువైపండీ?" అంది.

నేను తలెత్తి లెన్సు చూశాను. బిళ్ళ ఇంకా దాన్నే అంటిపెట్టుకుని ఉంది.

"కొలిచాక తీసేయాలి కదూ అది?"

"తీసేయాలి" అన్నాను.

"పోనీలెండి. మన పెళ్ళిలో ఎవరికీ ఎక్కువతక్కువలు చేయలేదు."

అంతలో కాలింగ్ బెల్ మోగింది. ఆవిడ తలుపు తీయడానికి వెళ్ళింది. నేను ఆ బూడిదని కడుగుతూ, మళ్ళీ కడుగుతూ లోపలే ఉండిపోయాను. ఎంత కడిగినా అందులోంచి ఎవరూ బయటికి రాలేదు. చివరికి నేనే వచ్చాను.

మామగారు గోడముందు నిలబడి, మేకుకి వేలాడుతున్న పటంమీద రసమట్టం పెట్టి చూస్తున్నారు. పటంలో మా ఆవిడ పకపకా నవ్వుతోంది. పక్కన నేను ముక్కు ఎగబీల్చి, నోరు తెరిచి, తుమ్ముకి స్వాగతం పలుకుతున్నాను.

"వంకరేం లేదల్లుడుగారూ" అన్నారాయన. "పటానికి. మీ ముఖం సంగతి దీనికి తెలీదు."

"ఫోటోలు వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను నాన్నా" అంది మా ఆవిడ, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ.

వంటింట్లోకి వెంట వెళ్ళి అడిగాను. "ఎప్పుడు వేశావు?"

"నిన్న మీరు బజారుకి వెళ్ళినప్పుడు. పెట్టెలోంచి ఒకటి తీసుకున్నా. ఎలాగూ మీరు లెక్కపెట్టరు."

"మీటరు లేకుండానా?"

"చెప్పానుగా, అంచున చిన్న ముక్క కోసి చూసుకున్నాను. అందుకే మీ భుజం కొంచెం పోయింది."

"కోస్తే నావైపే కోయాలా?"

"అటువైపు నేనున్నానుగా."