పాఠంలో పోయిన హాజీ ఖులైఫ్

ఆ ఉదయం ఒక మనిషిని చంపాలని నిశ్చయించుకుని నెర్మీన్ ఆఫీసుకు బయల్దేరింది. పాఠంలోనే లెండి.

ఆమె కైరోలో ఒక నీటి సరఫరా సంస్థలో శిక్షణాధికారి. సగం పాఠం కంప్యూటర్లో చూడాలి, మిగతా సగం ఫోన్ గ్రూపులో ఒకరితో ఒకరు చర్చించుకుంటూ నేర్చుకోవాలి. ఇదీ ఆమె తెచ్చిన కొత్త పద్ధతి. ఉద్యోగులు కంప్యూటర్లో పాఠాన్ని దాని మానాన దాన్ని నడవనిచ్చి టీకి వెళ్లేవారు. గ్రూపులో తెల్లారితే గులాబీల బొమ్మలు, శుక్రవారమైతే దీవెనలు. పాఠం మాటెత్తిన పాపాన ఎవరూ పోలేదు.

పెద్ద మేనేజరు లమ్లూమ్ బే ముందురోజే తేల్చి చెప్పాడు. "రేపు మధ్యాహ్నం నేనొచ్చేసరికి వీళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ కనబడాలమ్మా. లేదంటే నువ్వు మళ్లీ నేలమాళిగలో పాత ఫైళ్ల దగ్గరికే."

ఆ నేలమాళిగలోంచి పైకి రావడానికి నెర్మీన్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. అక్కడి దుమ్ము తలుచుకుంటేనే తుమ్ములొచ్చేవి.

ముందు ఆసక్తి రేపాలి, ఆ తర్వాతే ప్రశ్న అడగాలి అని శిక్షణ పుస్తకాలు చెబుతాయి. అందుకని ఆమె తను కల్పించిన ఒక ఖాతాదారు గురించి గ్రూపులో ఒక్క వాక్యం పెట్టింది: "హాజీ ఖులైఫ్ గారు కన్నుమూశారు." ఆసక్తి కాసేపు నానాలి కదా అని కాఫీకి వెళ్లింది.

మా కైరోలో చావుకబురు వింటే ముందు సంతాపం చెబుతాం. పోయిందెవరో ఆరా తీయడం తర్వాతి మాట. సంతాపం ఆలస్యమైతే ఆ ఇంటివాళ్లు జన్మలో మరిచిపోరు.

నెర్మీన్ తిరిగొచ్చేసరికి గ్రూపంతా శోకసముద్రం. "శాశ్వతుడు దేవుడొక్కడే" అని హెల్వాన్ శాఖ. "బంగారంలాంటి మనిషి, నాకు పెళ్లి సంబంధం చూసిపెట్టింది ఆయనే" అని షుబ్రా శాఖ. ఆమె కంగారుగా అసలు ప్రశ్న పెట్టేసింది: "ఆయన భార్య మన కౌంటరు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు మీరేం చేస్తారు?"

అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. "ఏం చేస్తామేంటి! ఆవిణ్ణి అక్కడ ఒంటరిగా నిలబెట్టారా? వస్తున్నాం!" అని లా విభాగం మదీహా రాసింది.

ఆఫీసులో ఎవరింట చావైనా ఏర్పాట్లన్నీ చూసేది అందరూ గౌరవంగా ఉస్తాజ్ అని పిలిచే వగ్దీ. నెర్మీన్ కిందికి పరుగెత్తేసరికి ఆయన అప్పటికే ఆవరణలో కుర్చీలు వేయిస్తున్నాడు.

"ఉస్తాజ్, ఆపండి! ఆయన చావలేదు!"

"బాధలో అలాగే అనిపిస్తుంది తల్లీ. నీకేమవుతాడు?"

"ఏమీ కాడు! అసలు పుట్టనేలేదు!"

"అయ్యో, మతి చలించింది. ఎవరక్కడ, ఈ అమ్మాయికి చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ ఇవ్వండి!"

కౌంటరు దగ్గర నిజంగానే నల్లబట్టల్లో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు హాజ్జా ఇన్సాఫ్. ఖులైఫ్ భార్య ఈవిడే అనుకుని మదీహా ఆమెను వాటేసుకుని ఘొల్లుమంది. భర్త పోయి ఏడాదైనా, ఇంత ప్రేమగా పలకరించినవాళ్లు లేకపోవడంతో ఇన్సాఫ్ కూడా ఘొల్లుమంది.

"ఆయన పేరున్న మీటరు నా పేరుకి మార్చమని తిరుగుతున్నా బిడ్డా. ఆయన్నే తీసుకొచ్చి సంతకం పెట్టించమంటారు!"

"ఏ బుద్ధిలేనివాడు అన్నాడు?" మదీహా కళ్లు తుడుచుకుంది.

"రూలు అదేగా," అన్నాడు మీటర్ల విభాగం ఆయన.

"ఆ రూలు మేం ఎప్పుడో తీసేశాం!"

"మాకు చెప్పలేదే!"

"మీరు అడిగి చచ్చారా?"

కుర్చీలు దగ్గరికి జరిగాయి. రూలు ఎలా మారిందో మదీహా చెప్పింది, కంప్యూటర్లో ఎక్కడ నొక్కాలో సంతాపానికని వచ్చిన షుబ్రా శాఖవాళ్లు చూపించారు. చేదు కాఫీ రెండోసారి తిరిగేలోపు మీటరు ఇన్సాఫ్ పేరుకు మారిపోయింది.

సరిగ్గా అప్పుడే లమ్లూమ్ బే కారు దిగాడు. ఆయన ఆవరణంతా కలయజూశాడు. అన్ని విభాగాలవాళ్లూ తలలు దగ్గర పెట్టుకుని చర్చించుకుంటున్నారు. అందరి కళ్లలోనూ నీళ్లు.

"ఏడుస్తూ కూడా నేర్చుకుంటున్నారే!" అన్నాడు జేబురుమాలు తీస్తూ. "నువ్వు పైనే ఉండు నెర్మీన్. కానీ ప్రతి నెలా ఇలాంటి పాఠం ఒకటి జరగాలి."

నెర్మీన్‌కు ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది. కుర్చీలు మడతపెడుతున్న వగ్దీ ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వచ్చే నెల ఎవరు పోతున్నారో కాస్త ముందుగా చెప్పు తల్లీ. కుర్చీలు దొరకడం కష్టంగా ఉంది."