అంతా నీ కోసమే

కొత్త పెళ్లికూతురు ఆ రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి పాఠం అప్పజెప్పుకుంది. సెలవుల తర్వాత లా కాలేజీ తెరిచే రోజు, ఆమెకది మొదటి క్లాసు. ప్రిన్సిపల్ వెనక బెంచీలో కూర్చుని వింటారు. నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే ఇంటిదారి. పాఠం వికలాంగుల హక్కుల చట్టం. ఆమె కొనిపెట్టిన లేతనీలం చొక్కా తొడుక్కున్న భర్త వాక్యానికోసారి చప్పట్లు కొట్టాడు. సెలవు పెట్టి మరీ దిగబెట్టడానికి బయల్దేరాడు.

కాలేజీ మెట్ల దగ్గర అటెండరు ఎదురయ్యాడు.

"మీ క్లాసు మేడ మీద మేడమ్. ఈ లిఫ్టు పాడై ఏడాదైంది."

"మరి చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఉందన్నారు?"

"ఉందండీ, ఆ అమ్మాయి..."

ఆమె వినిపించుకునే స్థితిలో లేదు.

"ఏమండీ, నేను పైన చట్టం చెబుతుంటే ఆ పిల్ల కింద కూర్చోవాలా? నా పరువేం కాను!"

"నీ పరువు సంగతి నాకొదిలెయ్," అని భర్త చొక్కా చేతులు మడిచాడు. పెళ్లయి నెల కాలేదు. కొండలైనా ఎత్తగలనన్న నమ్మకం ఇంకా చెక్కుచెదరలేదు.

కింద దొరికింది సామాన్ల గది ఒక్కటే. నిండా విరిగిన బల్లలు, తుప్పుపట్టిన బీరువాలు. కొత్త విద్యార్థులు తలో చెయ్యి వేశారు. బీరువాలు వరండాలోకొచ్చాయి. "అయ్యో, ప్రిన్సిపల్ గారు వచ్చే దారి!" అంది. బీరువాలు మెట్లెక్కాయి. మలుపులో ఇరుక్కున్న బీరువా ఒకటి భర్త చొక్కా జేబును మింగేసింది. ఇంకొకటి గోడ గడియారాన్ని కూల్చింది.

"ఎక్కడ పెట్టమంటావ్?" అన్నాడు ఆయాసపడుతూ.

"పైన పక్క భవనంలోకి వెళ్లే నడవ ఖాళీగానే ఉందిగా, అక్కడ పేర్చెయ్యండి!"

అటెండరు మళ్లీ నోరు తెరిచాడు. బల్ల కాలు పట్టుకోమన్నారు. మూసేశాడు.

గది అద్దంలా మెరిసింది. ప్రిన్సిపల్ వచ్చి కూర్చున్నారు. అందరూ ఉన్నారు, ఆ అమ్మాయి తప్ప. కొత్త లెక్చరర్ అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి మరీ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావమ్మా? కింద అంతా నీ కోసమే సిద్ధం చేశాం!"

"పైన, మన క్లాసులోనే ఉన్నానండీ. ఇందాకటి నుంచి మీ కోసమే చూస్తున్నా."

"పైకి... ఎలా వెళ్లావు?"

"పక్క భవనం లిఫ్టెక్కి నడవలోంచి వచ్చా. కాలేజీలో చేరిన రోజే దారి చూసుకున్నా. ఏవో చప్పుళ్లయితే మరమ్మతులనుకున్నా. ఇప్పుడు దిగి రమ్మంటే కుదరదు. ఎవరో మహానుభావులు దారి నిండా బీరువాలు పేర్చారు."

మహానుభావుడు తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"పొద్దున నన్నో మాట అడగాల్సింది మేడమ్. నా నంబరు మీ దగ్గరుందిగా."

ప్రిన్సిపల్ లేచారు. "పదండి పైకి."

మేడ మీద కొత్త లెక్చరర్ రాసుకొచ్చిన కాగితాలు పక్కన పడేసింది.

"మనిషి దారికి అడ్డం పెట్టడం తప్పు. అది ఇవాళ్టి పాఠం. అడ్డం పెట్టింది నేను. ఎదుటివాళ్లకేం కావాలో అడక్కుండా నేనే తేల్చేశాను. మరి దీనికి పరిహారం?"

"బీరువాలు తీయించడం," అంది చక్రాల కుర్చీలోని అమ్మాయి. "ఇప్పుడే."

ప్రిన్సిపల్ కళ్లజోడు తుడుచుకున్నారు. "పుస్తకం చూసి చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. తప్పు చేసి చూపించి మరీ చెప్పింది మీరొక్కరే. రేపటి నుంచి వచ్చెయ్యండి. ముందు ఆ బీరువాలు దించండి."

ఆమె పట్టలేని సంతోషంతో భర్త వైపు తిరిగింది. అతను జేబులేని చొక్కా సర్దుకుని నడవలోకి నడిచాడు.

"ఇంకోసారి ఎవరికైనా సాయం చేసేముందు, నన్ను కూడా ఓ మాట అడుగు."