సీసం మీద తేలిన పేరు

ఆ శుక్రవారం పొద్దున వెండెల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మర్నాటి పోటీకి వచ్చేవాళ్లందరికీ రొట్టెలు చేయాలని భార్య ఓపల్ ఫైర్ స్టేషన్ వంటింటికి వెళ్తుంది. పోయిన తండ్రిని గుర్తుచేసే సీసం వాసన ఆమెకి తగలకుండా, ఆమె బండి మలుపు తిరగగానే తను షెడ్డులో పొయ్యి వెలిగించి, సీసం కరిగించి, తూటాలు పోసుకుంటాడు. ఆమె తిరిగొచ్చేసరికి చేతులు శుభ్రంగా కడుక్కుని, ఏమీ ఎరగనివాడిలా కాఫీ తాగుతుంటాడు.

మా హేజెల్ లోయలో జింకల వేట మొదలయ్యే ముందు శనివారం గురి పోటీ పెడతారు. కొట్లో కొన్న తూటా అందులో పనికిరాదు. లోయలో ఎవరో ఒకరి పొయ్యి మీద పోసిందే అయ్యుండాలి. గెలిచినవాళ్లకి ఒక టర్కీ కోడి, ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకోవడానికి జెసప్ కప్పు. కోడి నాలుగు రోజుల్లో అయిపోతుంది. కప్పు ఇంట్లో ఉన్నంతకాలం ఆ ఇంటివాళ్లు కొంచెం నిటారుగా నడుస్తారు.

ఆ జెసప్ టాల్బట్ మరెవరో కాదు, ఓపల్ తండ్రి. ఆయన పోసిన తూటా నున్నదనం, ఆయన గురి గురించి మా లోయవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఆ తగరపు కప్పు కూడా ఆయనిచ్చిందే. ఏటా గెలిచినవాడి చేతిలో పెడుతూ, "చూడు, దీన్ని మాత్రం కరిగించొద్దు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నిరుడు ఆయన మంచం పట్టినప్పుడు వెండెల్ గెలిచాడు. గెలిచాడనడం కన్నా మిగతావాళ్లు ఓడారనడం న్యాయం. వసంతంలో ముసలాయన పోయాడు. ఆనాటినుంచి ఓపల్ రైఫిల్ ముట్టలేదు. కప్పుని మాత్రం రోజూ తుడిచేది. తండ్రి వస్తువుల్లో ఏడవకుండా ఆమె చూడగలిగింది అదొక్కటే.

సరే, పొయ్యి వెలిగింది. టైర్ల షాపువాడిచ్చిన పాత చక్రాల బరువుల సీసం కరిగింది. అచ్చు వేడెక్కింది. వెండెల్ గరిటెతో పోసి, అచ్చు విప్పి, కర్రతో తట్టాడు. పడిన తూటాలు చూస్తే ముసలి బుగ్గల్లా ముడతలే ముడతలు. సీసం అచ్చు మూలలదాకా పారాలంటే అందులో కాస్త తగరం పడాలి. ఆ సంగతి పోసేవాళ్లందరికీ తెలుసు. అందుకే మావాళ్లు చర్చి పాత సామాన్ల అమ్మకంలో సొట్టలు పడిన తగరపు గ్లాసులు కనిపిస్తే వదలరు. వెండెల్ కూడా కొన్నాడు. ఓపల్ వాటిని పాత పేపర్లో చుట్టి షెడ్డులో పెట్టేది.

బల్ల మీద పేపరు చుట్టిన పొట్లం ఒకటి ఉండనే ఉంది.

పొట్లం విప్పేంత ఓపిక ఉంటే అతను వెండెల్ ఎందుకవుతాడు? నేలమీద పెట్టి బూటుకాలితో అణగదొక్కాడు. గిన్నెలో ఇమడాలంటే ఎవరైనా చేసే పని అదే. కాగితం ఎలాగూ కాలిపోతుందని పేపరుతో సహా సీసంలోకి జార్చాడు. మైనం ముక్క వేసి పొగ లేపి, కలిపి, పైన తేలిన మడ్డి తీయబోయాడు. అప్పుడు నల్లటి మసిని పక్కకి తోసుకుంటూ ఒక చిన్న ఇత్తడి రేకు పైకి వచ్చింది. ఇత్తడి సీసం మీద తేలుతుంది, ఆ వేడికి కరగదు. రేకు మీద అక్షరాలు పసుపుగా వెలుగుతున్నాయి. జెసప్ టాల్బట్ కప్పు.

ఆ పొట్లంలో ఉన్నది పాత గ్లాసు కాదు. మర్నాడు తీసుకెళ్లడం మొగుడు మర్చిపోకుండా ఉండాలంటే అతని కంటికి ఖాయంగా కనబడే చోటు షెడ్డులో బల్ల ఒక్కటేనని, కప్పుకి సొట్ట పడకుండా పేపరు చుట్టి, ఓపలే అక్కడ పెట్టింది. మర్చిపోలేదు సరే.

రేకుని గరిటెతో తీసి చల్లార్చి జేబులో వేసుకున్నాడు. గిన్నెలో ఉన్నదాన్ని మళ్లీ కప్పు చేయడం దేవుడి తరం కూడా కాదు. ఏం చేయాలో తోచక, చేతులకి అలవాటైన పనే చేశాడు. ఒక గరిటెడు అచ్చులో పోశాడు. విప్పాడు. తువ్వాలు మీద పడినదాన్ని వంగి చూశాడు. ఒక్క ముడత లేదు. గాడి గాడికీ అంచు తేలి, వెండి చుక్కలా మెరుస్తోంది. మరొకటి పోశాడు. అదీ అంతే. గుండెల్లో రాయి పడినవాడు ఇంత అందమైన పని చేయగలడని అతనికే తెలియదు. భయం ఒక పక్క, అబ్బురం మరో పక్క. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాడు.

పక్క పొలం రాయిస్ సరిగ్గా ఆ సమయానికే వచ్చాడు.

"ఒరేయ్ వెండెల్, నా కొంప మునిగింది. టైర్ల షాపు బరువుల్లో జింక్ కలిసిందిరా. గిన్నె నిండా ఓట్స్ జావలా ముద్దే. నీ దగ్గర ఏమైనా..." తువ్వాలు మీది తూటాలు కంటపడ్డాయి. ఒకటి తీసి వెలుతురులో తిప్పాడు. టోపీ తీశాడు. రాయిస్ టోపీ తీయడం అతని పెళ్లిలో చూసిందే, తర్వాత చూడలేదు.

"ఏం కలిపావురా దీంట్లో?"

వెండెల్ గరిటె పక్కన పెట్టాడు. "మా మామగారి... చలవ."

అబద్ధం కాదు. అదే దానిలోని ప్రమాదం.

"జెసప్ రహస్యం నీకు చెప్పి పోయాడా? ఇన్నాళ్లూ గుంభనంగా ఎట్లా ఉన్నావురా నువ్వు?"

పోటీ ముందురోజు తూటాలు అడిగినవాడికి లేదనకూడదన్నది జెసప్ పెట్టిన కట్టుబాటే. లోయలో సగం రైఫిళ్లు తాతలనాటివి, కొలత కూడా ఒకటే. రాయిస్ గుప్పెడు పట్టుకుపోయి, తొడుగుల్లో మందు నింపి బిగించి, కొట్టం వెనక పేల్చి చూశాడు. పేల్చినవన్నీ ఒకే చిల్లులోంచి పోయాయి. ఆ చిల్లుపడిన అట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మధ్యాహ్నం దాటేసరికి వెండెల్ షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. వద్దనే ముఖం లేక, తేలు కుట్టిన దొంగలా అందరికీ పంచాడు. తీసుకున్నవాళ్లు ప్రసాదంలా రెండు చేతులా పట్టారు.

ఓపల్ ఇంటికొచ్చేటప్పటికే సంగతి ఆమె చెవినపడింది. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"నాన్న నీకు చెప్పాడట కదా."

"ఓపల్, అదీ..."

"నాకు చెప్పకుండా నీకు చెప్పాడని ఏమీ అనుకోనులే. దారంతా అనుకున్నా, ఇంటికొచ్చేలోపు మానేశా." ఒక తూటాని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. "అచ్చం ఆయన పోసినట్టే ఉంది. రేపు నాన్న రైఫిల్ నేను తీస్తా. కప్పు జాగ్రత్తగా పెట్టావు కదా?"

"అందరి దగ్గరా... జాగ్రత్తగానే ఉంటుంది" అన్నాడు వెండెల్. ఆమెకి అర్థం కాలేదు. సంతోషంలో ఉన్నవాళ్లు అర్థంకాని మాటల్ని పట్టించుకోరు. నెలల తరబడి గోడకి వేలాడిన రైఫిల్‌ని ఆమె ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తుంటే, వెండెల్‌కి వంటింట్లో పని గుర్తొచ్చింది. జేబులో రేకు తడుముకుంటూ వెళ్లాడు.

మర్నాడు ఫైర్ స్టేషన్ వెనక మైదానంలో జరిగినదాన్ని మావాళ్లు ఇప్పటికీ పూర్తిగా నమ్మరు. ప్రతివాడి అట్టమీదా చిల్లులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. రాయిస్ మేనమామకి ఎడమకన్ను సరిగా ఆనదు, ఆయన కూడా నడిమధ్యలో కొట్టి తన చేతులవైపు అనుమానంగా చూసుకున్నాడు. తీర్పు చెప్పే హైరమ్ ముసలాయన, మా చర్చి పెద్ద, దుర్భిణి దించి, "ఇంత కాలంలో ఇలాంటిది చూడలేదు" అన్నాడు.  చివర ఓపల్ బల్ల దగ్గర కూర్చుంది. తండ్రిలాగే ఊపిరి సగం వదిలి ఆపింది. ఆమె పేల్చినంతసేపూ ఎవరూ దగ్గలేదు. అట్ట తెచ్చి చూస్తే మధ్యలో ఉన్నది ఒకటే చిల్లు, చిటికెనవేలు పట్టేంత. జనం చప్పట్లు కొట్టడానికి బదులు టోపీలు తీశారు.

"జెసప్ కూతురివి అనిపించావమ్మా" అన్నాడు హైరమ్. "ఏదోయ్ వెండెల్, కప్పు పట్రా."

వెండెల్ ముందుకొచ్చాడు. జేబులోంచి ఇత్తడి రేకు తీసి ఓపల్ అరచేతిలో పెట్టాడు.

"మిగతాది ఏదయ్యా?" అన్నాడు హైరమ్.

వెండెల్ గురి అట్టల వెనకున్న మట్టికట్ట వైపు వేలు చూపించాడు.

నిజం అర్థమవడానికి ఒక్కొక్కరికి ఒక్కో వ్యవధి పట్టింది. ముందు రాయిస్ ముఖం పాలిపోయింది. తర్వాత అతని మేనమామది. కప్పుని అందరూ కలిసి పేల్చేశారు. ఓపల్ రేకు మీది పేరుని బొటనవేలితో రుద్దుతూ ఉంది. వెండెల్ ఆమె వైపు చూడలేక బూట్ల వైపు చూశాడు.

"నాన్న నీకు చెప్పిన రహస్యం ఏమిటి మరి?" అంది.

"నాకేం చెప్పలేదు ఓపల్. అందరికీ చెప్పిందే చెప్పాడు. కరిగించొద్దని."

ఓపల్ కట్టవైపు చూసింది, చేతిలో అట్టవైపు చూసింది.  ఏడుపు వస్తుందనుకున్నారు అందరూ.

"చిన్నప్పుడు మా ఇంట్లో తేనె ఎక్కడుందో నాన్న ఏనాడూ చెప్పలేదు" అంది. "ఆ పై అరలో మాత్రం చెయ్యి పెట్టొద్దు అనేవాడు. మేము పెట్టేదాకా రోజూ అనేవాడు." ఆమె నవ్వుతోంది, కన్నీళ్లు కారిపోతున్నాయి. "ఇన్నేళ్లూ ప్రతి ఒక్కడి చేతిలోనూ పెట్టి మరీ చెప్పాడు. మీరంతా బుద్ధిమంతులైపోయారు. ఒక్కడు పొట్లం విప్పి చూడనివాడు దొరికితేగానీ ఆయన కోరిక నెరవేరలేదు."

 ముందు హైరమ్ నవ్వాడు, ఆయన వెనక అందరూ. రాయిస్ మేనమామ టోపీ గుండెకి ఆనించుకుని మట్టికట్టకి వంగి దండం పెట్టాడు. ఓపల్ ఆ ఇత్తడి రేకుని తండ్రి రైఫిల్ చెక్కకి బిగించుకుంది. వెండెల్‌ని క్షమించినట్టు నోటితో చెప్పలేదుగానీ, ఇంటికి వెళ్లేటప్పుడు బండి తాళాలు అతనికే ఇచ్చింది.

ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్లు చూస్తే, చర్చి తగరపు గిన్నెలున్న బీరువాకి హైరమ్ కొత్త తాళం వేసి ఉంచాడు.