కోతకు పెట్టిన బాతు

మన దేశంలో నిషేధించిన సినిమా ఒక్కటి కూడా లేదని 1972లో కమ్యూనిస్టు ప్రభుత్వ సాంస్కృతిక శాఖ సగర్వంగా ప్రకటించింది. అది అక్షరాలా నిజం. బ్రాటిస్లావాలో సినిమాలను ఎవరూ నిషేధించేవారు కాదు, స్టూడియో నేలమాళిగలోకి విశ్రాంతికి పంపేవారు. విశ్రాంతి అక్కర్లేని సినిమాలను ఆమోద సంఘం చూసి, ఎంతో కొంత కోయించి వదిలేది. ఏదీ కోయకుండా లేస్తే కామ్రేడ్లకు తిన్న జీతం అరిగేది కాదు.

సంఘం అధ్యక్షుడు కామ్రేడ్ వెండెలిన్ ష్క్వార్కా గొప్ప కళాహృదయుడు. అంతకుముందు సిమెంటు శాఖ చూసేవాడు. సినిమాలకూ కాస్త గట్టిదనం అవసరమని ఇటు మార్చారు.

దర్శకుడు వావ్రినెత్స్‌కు అది మొదటి సినిమా. తన పొలాన్ని ప్రభుత్వం సహకార క్షేత్రంలో కలిపేసుకుంటే, ఒక ముసలావిడ గట్టు మీద నిలబడి ఉలుకూ పలుకూ లేకుండా చూస్తూ ఉంటుంది. అదీ చివరి సీను. అందులో నిలబడింది అతని తల్లే. షూటింగ్ అయిన చలికాలంలోనే ఆవిడ పోయింది. కదిలే అమ్మ అతనికి ఇక ఆ ఫిల్ము ముక్కలోనే మిగిలింది.

"వాళ్లు ఆ సీను ఉండనివ్వర్రా వావ్రో," అని ఎడిటర్ ఇర్మా తేల్చేసింది. ఆ స్టూడియోలో తల నెరిసిన మనిషి. "కోసుకోడానికి వాళ్ల ముందు ఇంకేదైనా పడెయ్యి."

అక్కడ అందరూ చేసే పనే అది. వావ్రినెత్స్ ఒక బాతును తెచ్చాడు. అది పార్టీ కార్యదర్శి బల్లెక్కి, వార్షిక ప్రణాళిక మీద ఠీవిగా నడిచి, వెళ్తూ వెళ్తూ దాని మీదే కానిచ్చింది. కత్తెరకు ఇంతకంటే రుచికరమైనది దొరకదు.

సంఘానికి వేసి చూపిన సినిమా అయింది. లైట్లు వెలిగాయి. ష్క్వార్కా కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఆ బాతు..." అన్నాడు.

"తప్పయిపోయింది కామ్రేడ్, ఇప్పుడే తీసేస్తాను," అన్నాడు వావ్రినెత్స్ ఆశగా.

"తీసేస్తావా? ముట్టుకో చూద్దాం! అది బాతు కాదయ్యా, కార్మికవర్గం. నడుచుకుంటూ అధికారం దాకా వచ్చేసింది!"

"నాకూ అదే తోచింది," అన్నాడు రెండో సభ్యుడు.

"నాకైతే బాతు రాకముందే తోచింది," అన్నాడు మూడో సభ్యుడు.

"మరి ప్రణాళిక మీద అది చేసిన పనో?" అని ఇర్మా ఆఖరి ప్రయత్నం చేసింది.

"ఎరువమ్మా, ఎరువు! పల్లెటూరి సంగతులు తెలియవా నీకు?"

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ష్క్వార్కాకు బాధ్యత గుర్తొచ్చింది.

"సంఘమన్నాక ఏదో ఒకటి కోయాలిగా. చివర్లో ఆ ముసలమ్మ ఎవరు? ఒక్క ముక్కా మాట్లాడదు. మాట్లాడనివాళ్లంటే నాకు అనుమానం."

"మా అమ్మ, కామ్రేడ్."

"అమ్మలు అందరికీ ఉంటారయ్యా. మేమేమైనా తెచ్చి తెర మీద నిలబెట్టామా?"

అమ్మ నేలమాళిగలోకి పోయింది. బాతుకు ప్రభుత్వ బహుమతి వచ్చింది. వేదిక మీద వావ్రినెత్స్ ఏడ్చేస్తే పత్రికలవాళ్లు ఆనందబాష్పాలని రాశారు. ఆ తర్వాత వాళ్లు అడిగిన కోళ్ల సినిమాలూ, పందుల సినిమాలూ తీసిపెట్టాడు. ఒక్కో సినిమా అవగానే ఆ ముక్క ఇప్పించమని అడిగేవాడు. "వచ్చే సినిమాకి చూద్దాం," అనేవారు.

చివరికి 1989లో జనం చలిలో కూడళ్లకు చేరి, ప్రభుత్వాన్ని ఇక ఇంటికి పొమ్మని తాళంచెవులు గలగలలాడించారు. వావ్రినెత్స్ కూడా గొంతు పోయేలా అరుస్తూ తన ఇంటి తాళంచెవులు ఊపాడు. ప్రభుత్వం కూలిపోయింది. నేలమాళిగలో మగ్గిన కళనంతా వెలుగులోకి తెస్తామని కొత్త ప్రభుత్వం కొత్త సంఘం వేసింది. వావ్రినెత్స్ పరుగున వెళ్లాడు.

అధ్యక్షుడి కుర్చీలో ష్క్వార్కా ఉన్నాడు. కోటుకు ఉద్యమకారుల మూడు రంగుల రిబ్బను. వావ్రినెత్స్‌ను చూడగానే లేచి, గబగబా తలుపు వేశాడు.

"ఎందుకొచ్చావయ్యా ఇక్కడికి? ఎవరైనా చూశారా?"

"మా అమ్మ ముక్క ఇప్పిస్తారేమోనని."

"నేలమాళిగ బాధితుల కోసం తెరిచామయ్యా. నీ సినిమాను ఎవరూ ఆపలేదే! పైగా బహుమతి కూడానూ."

"ఇచ్చింది మీరేగా!"

"పుచ్చుకున్నది నువ్వు," అన్నాడు ష్క్వార్కా నొచ్చుకుంటూ. "ఆ ప్రభుత్వంతో అంటకాగినవాళ్లతో నేను మాట్లాడటమే తప్పు. నా పరిస్థితి నువ్వే అర్థం చేసుకోవాలి."

వెనక మెట్ల వైపు తలుపు తానే తీసి, అతను వెళ్లేదాకా పట్టుకుని నిలబడ్డాడు.