గుమ్మం ముందు వరుస

ల్యాబు రిపోర్టు వచ్చిన మర్నాడు ఉదయానికల్లా, ఆ జబ్బు ఎవరి నుంచి ఎవరికి సోకుతూ వచ్చిందో వాళ్ళంతా రోగి గుమ్మం ముందు వరుసగా నిలబడడం కొత్తరేవు పట్టణంలో మామూలే. అంటించినవాళ్ళు రోగి వెనుక నిలబడతారు. వాళ్ళకు అంటించినవాళ్ళు వాళ్ళ వెనుక. బతికున్నవాళ్ళు బస్సెక్కి వస్తారు. పోయినవాళ్ళు ఎలా వస్తారో ఎవరూ అడగలేదు. జలుబు వరుసలతో ఊళ్ళో ట్రాఫిక్ ఆగిపోతోందని మునిసిపాలిటీ వాటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

కోదండపాణి మెయిన్ రోడ్డులో కళ్ళద్దాల షాపు నడుపుతాడు. భార్య హైమవతి ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది. పోయిన నెల అతనికి జ్వరం తగిలి, చెప్పుకోలేని చోట నీటి పొక్కులు లేచాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. తగ్గక డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ పరీక్ష రాసింది. హెర్పీస్ అని తేలింది.

"ప్రాణాల మీదికి వచ్చేదేం కాదు," అంది డాక్టరు. "కానీ ఒంట్లోంచి పోదు. నరాల్లో పడుకుని ఉంటుంది. అప్పుడప్పుడు లేస్తుంది. మాత్రలు వేసుకోండి. పొక్కులున్నప్పుడు దూరంగా ఉండండి. మిగతా రోజుల్లో కండోమ్ వాడండి. రేపు మీ ఇంటి ముందు కాస్త చోటు ఖాళీ చేయించుకోండి."

కోదండపాణి షాపుకు వెళ్ళకుండా తిన్నగా ఇంటికొచ్చాడు. పెళ్ళికి ముందు హైదరాబాదులో పని నేర్చుకునే రోజుల్లో తాను ఉన్న గది పక్క వాటాలో ఒకామె ఉండేదని, రేపు ఆవిడ తన వెనుక నిలబడుతుందని భార్యకు చెప్పాడు. చెబుతున్నంతసేపూ గోడ మీద క్యాలెండరు వైపే చూశాడు. హైమవతి అంతా వింది. తర్వాత లేచి, ఆరేసిన బట్టలు తీసుకురావడానికి డాబా మీదికి వెళ్ళింది.

తెల్లవారేసరికి వీధిలోని ఆడవాళ్ళు హైమవతిని ఓదార్చడానికి ఎవరి కుర్చీలు వాళ్ళు తెచ్చుకుని కూర్చున్నారు. ఎదురింటి రామసీత పిన్నిగారు ఫ్లాస్కులో కాఫీ కూడా తెచ్చింది. కోదండపాణి గుమ్మం దిగి రోడ్డు మీద నిలబడ్డాడు. హైమవతి వంటింట్లో ఉప్మా కలుపుతోంది. ఆమె కాళ్ళు వాటంతటవే కదిలాయి. స్టౌ కట్టేసే వ్యవధి మాత్రం ఇచ్చాయి. ఆమె బయటికొచ్చి, మొగుడి వెనుక నిలబడింది.

హైదరాబాదు ఆవిడ రాలేదు. ఆవిడ ఈ వరుసలో లేనే లేదు. హైమవతి వెనుకకు వచ్చి నిలబడింది ఒక బట్టతల మనిషి. అతని చేతిలో ఇంకా అట్లకాడ ఉంది.

"నమస్కారమండీ. నా పేరు ఆదినారాయణ. కాకినాడలో టిఫిన్ సెంటరండీ మాది," అన్నాడతను. "నాకు ఒంట్లో ఎప్పుడూ ఏమీ కనపళ్ళేదండీ. నిజంగా తెలీదు."

"నాకూ కనపళ్ళేదు," అంది హైమవతి.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఎవరిని ఓదార్చాలో తేల్చుకోలేక కుర్చీలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. రామసీత పిన్నిగారు ఫ్లాస్కు కూడా తీసుకుపోయింది.

వార్డు సచివాలయం నుంచి సుజన అనే అమ్మాయి వచ్చింది. వరుస డ్రైనేజీ మూతల మీద నిలబడకుండా చూసి, ట్యాబులో ఫొటో తీసి, మామూలు ప్రశ్నలే అడిగింది.

"వెనకున్న మేడమ్ మీకేం వరుస అవుతారు సార్?"

"భార్య."

"ఆవిడ వెనకున్నాయన?"

కోదండపాణి వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. హైమవతే చెప్పింది. "పెళ్ళి కాకముందు తునిలో ఒకే ట్యుటోరియల్‌లో చెప్పేవాళ్ళం. చేసుకుందామనుకున్నాం. వాళ్ళింట్లో ఒప్పుకోలేదు."

సుజన అలాగే నమోదు చేసుకుంది. "వరుస చివరిదాకా వెళ్ళి చూసుకోవచ్చు సార్. రూల్స్ ఒప్పుకుంటాయి. మీ చోట్లో చెప్పులు విడిచి వెళ్ళండి చాలు."

ఎలాంటి మనుషుల దగ్గర్నుంచి వచ్చిందో చూడాలని కోదండపాణి చెప్పులు విడిచి విసురుగా నడిచాడు. హైమవతి కూడా తన చెప్పులు విడిచి అతని వెంట వెళ్ళింది.

మొదట ఉన్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక లారీ డ్రైవరు, ఒక నర్సు, ఒక బ్యాంకు మేనేజరు. వీధి మలుపు తిరిగేసరికి ఫోన్లు లేనివాళ్ళు వచ్చారు. రైల్వే గేటు దాటాక పంచెలు, తలపాగాలు. ఊరి మధ్యలో విగ్రహం ఉన్న జమీందారు గారు ఆ విగ్రహం పక్కనే, దానికంటే కాస్త పొట్టిగా నిలబడి ఉన్నారు. ఆయన ముందున్న స్త్రీ ముఖం పక్కకు తిప్పుకుని ఉంది. ఆమె భుజాలు బిగిసి ఉన్నాయి. హైమవతి అక్కడ ఆగి, ఆమె చేయి పట్టుకుని కాసేపు నిలబడింది. కోదండపాణి తిట్టాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఆ ముఖం చూశాక అవి ఎవరి మీద వాడాలో అతనికి అర్థం కాలేదు.

ఊరు దాటాక చేపల రేవు వైపు వరుస తిరిగింది. ఓడ కళాసులు, నేతపనివాళ్ళు, యుద్ధంలో తగిలిన గాయాలతో ఒకడు, అప్పట్లో అతని కోసం ఎదురుచూసినట్టే ఇంకా చూస్తున్న ఒకామె. వాళ్ళు మాట్లాడుకునే తెలుగు మొదట కష్టంగా, తర్వాత పాటలా, తర్వాత తెలుగే కాకుండా వినిపించింది. ఇసుక మొదలయ్యేసరికి బట్టలు ముతకబారి, తోళ్ళయి, అసలే లేకుండా పోయాయి. వాళ్ళకు మాటలు లేవు. కానీ చాలామంది తమ ముందున్నవాళ్ళ భుజం మీద చేయి వేసి ఉన్నారు. వరుస తీరం వెంబడి ఉత్తరానికి సాగి, ఎండలో మెరుస్తూ, మనుషులో కాదో పోల్చుకోలేనంత దూరం వెళ్ళి, ఇంకా ఉంది.

కోదండపాణి తడి ఇసుకలో నిలబడిపోయాడు. ఇంతమందిలో ఒక్కరు ఆ రోజు ఇంకో గుమ్మంలోకి వెళ్ళి ఉంటే ఈ వరుస తనదాకా వచ్చేది కాదు. మనుషులకింకా మాటలు రాకముందు బయలుదేరినది, ఒక్క చోటా తెగకుండా, తన ఇంటి గుమ్మం వెతుక్కుంటూ వచ్చింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కోపం వల్ల కాదని అతనికి తెలిసింది. దేనివల్లో మాత్రం తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని భార్యను అడిగాడు.

"మీరు అడిగితే చెబుదామని మొదటి ఏడాదంతా అనుకున్నాను. మీరు అడగలేదు. తర్వాత మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయానండీ."

"నిన్న నేను చెప్పినప్పుడైనా ఏం మాట్లాడలేదు నువ్వు."

"ఆవిడొస్తే కాఫీ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాను."

కోదండపాణికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. పక్కనున్న వెంట్రుకల మనిషి ఒకడు వంగి వాళ్ళను శ్రద్ధగా చూశాడు.

ఇంటికొచ్చేసరికి ఆదినారాయణ ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. కోదండపాణి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఏమని పిలవాలో తెలియక కొంత తడబడి, "తీసుకోండి" అన్నాడు.

"ఈ వరుస ఎప్పుడు తీసేస్తారమ్మా?" అని సుజననడిగాడు.

"తీసేసే వీలు లేదు సార్. జన్మంతా ఉంటుంది. మాత్రలు సరిగ్గా వేసుకుంటే పక్కకు జరిగి నిలబడతారు. బండి బయటికి తీయడానికి ఇబ్బంది ఉండదు."

అలాగే జరిగింది. బతికున్నవాళ్ళు చెప్పులు వదిలి ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళారు. భార్యాభర్తలిద్దరూ మాత్రలు వేసుకుంటూ, డాక్టరు చెప్పినట్టే మసులుకుంటూ, ఒకే మంచం మీద పడుకుంటున్నారు. గొడవ పడిన రోజులున్నాయి. ఒకసారి కోదండపాణి రెండు రోజులు షాపులోనే పడుకున్నాడు కూడా. మూడో రోజు హైమవతి క్యారేజీ తీసుకెళ్ళి, అతనితో కలిసి తిని, ఇంటికి తీసుకొచ్చింది.

తీరానికి వెళ్ళొచ్చాక వాళ్ళకు ఊళ్ళో మిగతా వరుసలు కూడా కనిపించడం మొదలైంది. దాదాపు ప్రతి ఇంటి ముందూ, గోడకు ఆనుకుని, ఏదో ఒకటి ఉంది. రామసీత పిన్నిగారి ఇంటి ముందున్నది జమీందారు గారి దగ్గర వీళ్ళ వరుసతో కలుస్తుంది. ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. తమ వరుస కంటపడకుండా ఉండడానికి జనం తల వంచుకుని నడవడం ఎప్పుడో అలవాటు చేసుకున్నారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కొత్తరేవు వాళ్ళంత వినయస్తులు ఎక్కడా ఉండరని మెచ్చుకుంటారు. కోదండపాణి, హైమవతి మాత్రం సాయంత్రాలు తల ఎత్తుకుని, అటూ ఇటూ పలకరించుకుంటూ రేవు దాకా నడిచి వస్తారు. అందుకే ఊళ్ళో వాళ్ళిద్దరికీ పొగరని పేరొచ్చింది.